బీటెక్ ఫైనల్ ప్రాజెక్టు ఎంపిక డైరీ: 14 టైటిళ్లలో మిగిలింది ఒక్కటి

విశాఖలో నలుగురున్న ఒక సీఎస్‌ఈ ఫైనలియర్ బ్యాచ్, జీరోత్ రివ్యూకి (టాపిక్ ఒప్పించుకునే తొలి సమీక్ష) ముందు నాలుగు వారాల్లో టాపిక్ ఎలా ఖాయం చేసుకుందో చెప్పే లాగ్ ఇది. కోడింగ్ డైరీ కాదు. టాపిక్ తేలగానే ఆగిపోతుంది. కొట్టేసిన టైటిళ్లకు కారణాలు లెక్కలతో సహా రాశాం. అదే టైటిల్ మీ లిస్టులో ఉంటే మళ్లీ రెండు రోజులు పోగొట్టుకోనక్కర్లేదు. బీఎస్సీ కంప్యూటర్స్, బీసీఏ వాళ్లకూ ఈ జల్లెడ పనికొస్తుంది, గడువులు మార్చుకుంటే చాలు.

దశ 0: హద్దులు

1. మనుషులు నలుగురు. ల్యాప్‌టాపులు 8 జీబీ ర్యామ్‌వి, జీపీయూ లేదు.
2. డెమో ల్యాబ్ సిస్టంలోనే జరగాలి. విండోస్ మెషీన్, నెట్ మీద ఆధారపడకూడదు. ఎక్స్‌టర్నల్ (బయటి ఎగ్జామినర్) వచ్చిన రోజే వైఫై పోతుందని అనుకునే ప్లాన్ వేసుకోవాలి.
3. ఖర్చు సున్నా. హార్డ్‌వేర్ కొనేది లేదు, కోడ్ కొనేది అంతకన్నా లేదు.
4. టైటిల్ అన్నిటికన్నా చివర రాస్తాం. ముందుగా ఒక వాక్యం పూర్తి కావాలి: "ఇన్ని ఇచ్చాం, ఇన్ని తప్పాయి." ఆ రెండు ఖాళీల్లో ఏ సంఖ్య పడుతుందో చెప్పలేని టాపిక్ లిస్టులో ఉండదు.

మొత్తం పనంతా నాలుగో నియమమే చేసింది. "మెషీన్ లెర్నింగ్ ఉపయోగించి ఫలానా వ్యవస్థ" అని టైటిల్ ముందు రాసేస్తే, తర్వాత నాలుగు నెలలూ ఆ టైటిల్‌కి సరిపడా పని వెతుక్కోవడంతోనే సరిపోతుంది.

దశ 1: లిస్టు, మొదటి కోత

మొదట రాసిన 14: గుండెజబ్బు అంచనా, క్రెడిట్ కార్డు మోసాలు, ఇళ్ల ధరలు, ఫేక్ న్యూస్, బ్లాక్‌చెయిన్ ఓటింగ్, లైబ్రరీ మేనేజ్‌మెంట్, కాలేజీ చాట్‌బాట్, ముఖం చూసి అటెండెన్స్, తుపాను అంచనా, బీచ్ రోడ్డు పార్కింగ్, ఆకు తెగుళ్లు, సిటీ బస్సు రాక సమయం, ఆటుపోట్లు, విశాఖ ఊరి పేర్ల వెతుకులాట.

మొదటి ఏడూ ఒక్క పూటలో పోయాయి. పోయిన తీరు మాత్రం చూడదగ్గది.

గుండెజబ్బు: అందరూ వాడే క్లీవ్‌లాండ్ డేటాలో ఉన్నవి 303 వరుసలు. అందులో 20 శాతం టెస్టుకి పెడితే 61 వరుసలొస్తాయి. అంటే ఒక్క మనిషి విషయంలో జవాబు మారితే యాక్యురసీ 1.6 శాతం మారుతుంది. "మా మోడల్ 1.5 శాతం మెరుగు" అని రికార్డులో రాస్తే దాని అర్థం ఒక మనిషి కూడా కాదు. ర్యాండమ్ సీడ్ (వరుసల్ని కలగలిపే సంఖ్య) మారిస్తేనే అంత తేడా వస్తుంది.

క్రెడిట్ కార్డు: ఈ డేటాలో 2,84,807 లావాదేవీలుంటే మోసాలు 492. ప్రతిదానికీ "మోసం కాదు" అని చెప్పే ఒకే ఒక్క లైను ప్రోగ్రాంకి 99.83 శాతం యాక్యురసీ వస్తుంది. దీన్నే యాక్యురసీతో కొలిచి స్లైడులో పెట్టే బ్యాచ్‌లు ఏటా ఉంటాయి. ఎక్స్‌టర్నల్ గనక రీకాల్ (అసలు మోసాల్లో పట్టుకున్నవి) ఎంత అని అడిగితే నోట మాట ఉండదు.

ఇళ్ల ధరలు: పాత కోడ్‌లన్నీ బోస్టన్ డేటాని సైకిట్-లెర్న్ అనే పైథాన్ లైబ్రరీ నుంచి లోడ్ చేస్తాయి. 1.2 వెర్షన్‌లో ఆ డేటాని తీసేశారు. ఎక్కడో కొన్న కోడ్ ల్యాబ్‌లో ఇంపోర్ట్ దగ్గరే ఆగిపోవడానికి మామూలు కారణం ఇదే.

ఫేక్ న్యూస్: మోడల్ నేర్చుకునేది అబద్ధాన్ని కాదు, ఏ వెబ్‌సైటు వార్త ఏ పద్ధతిలో రాసి ఉందో దాన్ని. కొత్త సైటు వార్త ఇస్తే తెల్లమొహం వేస్తుంది.

బ్లాక్‌చెయిన్, లైబ్రరీ, చాట్‌బాట్: "ఇన్ని తప్పాయి" అన్న వాక్యం మూడిటికీ పూర్తి కాలేదు. లైబ్రరీ మేనేజ్‌మెంట్‌ని ఎగతాళి చేయనక్కర్లేదు, డీబీఎంఎస్ ల్యాబ్‌కి అది మంచి పనే.

ఇప్పటిదాకా: టైటిళ్లు 14లో 7 మిగిలాయి. పని గంటలు (నలుగురివీ కలిపి) 6.

దశ 2: డేటా ఈ రోజే చేతిలో ఉందా?

ఇక్కడ ఒకటే పరీక్ష. ఫైలు డౌన్‌లోడ్ చేసి, తెరిచి, పది వరుసలు కళ్లతో చూడాలి. "దొరుకుతుంది", "అడిగితే ఇస్తారు", "సార్‌కి తెలిసినవాళ్లున్నారు" అన్నవి డేటా కిందికి రావు.

ముఖం చూసి అటెండెన్స్: క్లాసులో 60 మంది ఉన్నారనుకుందాం. ఒక్కో పోలికలో తప్పుగా కలిసే అవకాశం 1 శాతమే అనుకుందాం. ఆ క్లాసుకి చెందని మనిషి ఒకడు లోపలికొస్తే 60 ముఖాలతో పోల్చాలి. ఎవరో ఒకరితో తప్పుగా కలిసే అవకాశం: 0.99ని 60 సార్లు గుణిస్తే 0.547, ఒకటిలోంచి తీసేస్తే 0.453. అంటే 45 శాతం. ఒక ముఖంతో ఒక ముఖాన్ని పోల్చి తెచ్చిన 99 శాతాన్ని క్లాసు మొత్తానికి అంటగట్టడమే ఈ టైటిల్‌లో ఉన్న అసలు పొరపాటు. దానికి తోడు 60 మంది ముఖాలు దాచిపెట్టాలంటే ఒక్కొక్కరి సమ్మతీ కావాలి. వ్యక్తిగత డేటా మీద 2023లో చట్టమే వచ్చింది. కొట్టేశాం.

తుపాను: హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటింది. ఊరంతటికీ గుర్తున్న తుపాను కాబట్టి ఈ టైటిల్ ఇక్కడ ఏటా పుడుతుంది. గుర్తుండటం వేరు, ట్రైనింగ్‌కి సరిపోవడం వేరు. ఈ తీరం మీద అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉన్నప్పుడు డీప్ లెర్నింగ్ నేర్చుకోవడానికేమీ ఉండదు, బట్టీ పడుతుంది.

ఆకు తెగుళ్లు: ప్లాంట్‌విలేజ్ డేటాలో 54,306 ఫొటోలు, 38 తరగతులు. చేతిలో ఉంది, తెరిచి చూశాం. ఆకుని కోసి, సాదా బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టి తీసినవి. ఈ డేటా మీద 2016లో వచ్చిన పేపర్లో సొంత టెస్టు ఫొటోల మీద 99.35 శాతం ఉంది. బయటి నుంచి తెచ్చిన ఫొటోల మీద అదే మోడల్ 31 శాతం దగ్గరికి పడిపోయిందని కూడా ఆ పేపర్లోనే ఉంది. కిందున్న రెండో సంఖ్యని చాలామంది చదవరు. దాన్ని బాగుచేయాలంటే పొలంలో తీసిన ఫొటోలు, వాటికి తెగులు పేరు చెప్పగల వ్యవసాయాధికారి కావాలి. నాలుగు నెలల్లో తేలే పని కాదు.

బీచ్ రోడ్డు పార్కింగ్: కెమెరా ఫుటేజీ వేరేవాళ్లది. మేడ మీంచి ఫోన్‌తో తీద్దామంటే జనం ముఖాలూ, బండ్ల నంబర్లూ పడతాయి. పక్కన పెట్టాం.

ఇప్పటిదాకా: 7లో 3 మిగిలాయి. పని గంటలు 16.

దశ 3: మూడిటికీ రెండేసి రోజుల ట్రయల్

నియమం: ఒక్కో టాపిక్‌కి 16 పని గంటలు. అది దాటితే ఎంత ఆసక్తిగా ఉన్నా ఆపేయాలి. చివర్లో ఒక పేజీ రాయాలి. ఆ పేజీలో అతి తేలిక పద్ధతి ఏది, అది ఎన్ని తప్పులు చేసింది, ఎక్కడ ఇరుక్కుంది అన్న మూడే ఉండాలి.

ట్రయల్ ఎ: బస్సు రాక సమయం

బస్సులు ఎక్కడున్నాయో ఎప్పటికప్పుడు చెప్పే డేటా ఫైలు రూపంలో చేతికి రాలేదు. మిగిలిన దారి ఫోన్ జీపీఎస్‌తో సొంతంగా సేకరించడం. ఆ దారి ఉందనే దశ 2లో దీన్ని కొట్టేయలేదు. రైల్వే స్టేషన్ నుంచి భీమిలి వెళ్లే 900కె, మరో మూడు రూట్లు అనుకుని కాగితం మీద లెక్కేశాం.

1. నలుగురు, రోజుకి రెండు ట్రిప్పులు, 20 పనిదినాలు: 160 ట్రిప్పులు.
2. రూట్లు 4, రోజులో సమయం స్లాట్లు 6, పోనూ రానూ 2: మొత్తం 48 గళ్లు.
3. ఒక్కో గడికి సగటున 3.3 ట్రిప్పులు.

మూడు ట్రిప్పులతో "సాయంత్రం ఆరింటికి మద్దిలపాలెం దగ్గర ఇంత ఆలస్యం" అని చెప్పడం సాహసం. వాన పడిన రోజు వేరు, పండగ రోజు వేరు అంటే గళ్లు ఇంకా పెరుగుతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లు స్క్రీన్ ఆఫ్ కాగానే వెనకాల నడిచే యాప్‌ని బ్యాటరీ ఆదా పేరుతో ఆపేస్తాయి. ఆ సెట్టింగు మార్చకపోతే ట్రిప్పు సగంలోనే లాగ్ తెగిపోతుంది, ఇంటికెళ్లి చూసుకునేదాకా ఆ సంగతి తెలియదు. రెండో రోజు మొదలుపెట్టకుండానే ఆపొచ్చు గానీ, నియమం కోసం పేజీ రాసి మూసేశాం.

ట్రయల్ బి: ఆటుపోట్లు

ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊళ్లో ఆటుపోట్ల అంచనా అంటే వినడానికి బాగుంటుంది, గణితమూ శుభ్రంగా ఉంటుంది. ముఖ్యమైన అలలు నాలుగు: చంద్రుడిది 12.42 గంటలు, సూర్యుడిది 12 గంటలు, రోజువారీవి 23.93, 25.82 గంటలు. వీటి సైన్, కొసైన్‌లను లీస్ట్ స్క్వేర్స్‌తో సరిపెడితే చాలు, నంపైలో నలభై లైన్లు కూడా కావు.

ఇరుక్కున్నది డేటా దగ్గర. విశాఖ సముద్రమట్టం రికార్డు 1937 నుంచి ఉచితంగా దొరుకుతుంది. ఇంత పాత రికార్డా అని సంబరపడి తెరిస్తే అవి నెలసరి సగటులు. నెల మొత్తాన్ని సగటు తీసేస్తే 12 గంటల అల ఎప్పుడో చదునైపోయి ఉంటుంది. ఉప్పు నీళ్లని ఆవిరి చేసి, ఆ ఆవిరిలో ఉప్పు వెతికినట్టు. కావాల్సింది గంటగంటకీ తీసిన కొలత.

గంటల డేటా ఎంత పొడవు కావాలి? చంద్రుడి అలనీ సూర్యుడి అలనీ విడదీయడానికి కనీసం 14.77 రోజులు, అంటే అవి రెండూ కలిసి విడిపోయే ఒక చుట్టు. సూర్యుడి 12 గంటల అలకి అతి దగ్గర్లో 11.97 గంటలది ఇంకొకటుంది. ఆ రెంటినీ విడదీయడానికి 182.6 రోజులు. సొంతంగా కొలుద్దామంటే సెమిస్టరే అంత పొడవుండదు.

అల్ట్రాసోనిక్ సెన్సర్ పెడదామన్న మాటా వచ్చింది. ధ్వని వేగం 25 డిగ్రీల దగ్గర సెకనుకి 346 మీటర్లు, 35 డిగ్రీల దగ్గర 352. మూడు మీటర్ల ఎత్తు నుంచి కొలిస్తే పొద్దుటికీ మధ్యాహ్నానికీ 5 సెంటీమీటర్ల తేడా, నీళ్లు కదలకపోయినా వస్తుంది. పైగా ఖర్చు సున్నా అన్న నియమం ఉంది, హార్బర్‌లో పెట్టడానికి అనుమతీ కావాలి. టాపిక్ చెడ్డది కాదు. గంటల డేటా ముందే డౌన్‌లోడ్ చేసుకోగలిగిన బ్యాచ్ నిక్షేపంగా తీసుకోవచ్చు. దీన్ని రిజర్వులో పెట్టాం.

ట్రయల్ సి: విశాఖ ఊరి పేర్ల వెతుకులాట

పని: మనిషి తెలుగులో ఒక పేట పేరు టైప్ చేస్తాడు, తనకొచ్చిన స్పెల్లింగ్‌తో. ప్రోగ్రాం సరైన చోటుని చూపించాలి. చూడటానికి మరీ చిన్న పని. అతి తేలిక పద్ధతి ఎడిట్ డిస్టెన్స్, అంటే ఒక పదాన్ని ఇంకో పదంగా మార్చడానికి ఎన్ని చేర్పులు, తీసివేతలు, మార్పులు కావాలో లెక్క.

మొదటి దెబ్బ "అక్షరం" దగ్గరే తగిలింది. "విశాఖపట్నం" ఎన్ని అక్షరాలు?

1. పైథాన్ లెన్ చెప్పేది 10. అవి కోడ్‌పాయింట్లు: గుణింతం, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా.
2. యూటీఎఫ్-8 ఫైల్లో బైట్లు 30. తెలుగు కోడ్‌పాయింట్ ఒక్కోటీ 3 బైట్లు.
3. పాత యూనికోడ్ నియమం ప్రకారం 6: వి, శా, ఖ, ప, ట్, నం.
4. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నియమం ప్రకారం 5: వి, శా, ఖ, ప, ట్నం. బడిలో చెప్పే లెక్క ఇదే.

ఒకే పదానికి నాలుగు పొడవులు. అక్షరాలు విడగొట్టే లైబ్రరీ ఏ యూనికోడ్ వెర్షన్‌ది వాడితే ఆ జవాబొస్తుంది. ఒకరి ల్యాప్‌టాపులో 5, ఇంకొకరి దాంట్లో 6 వస్తే అది బగ్ కాదు, వెర్షన్ తేడా. వెర్షన్ నంబరు రికార్డు మొదటి పేజీలోనే రాసిపెట్టుకోవాలి.

తర్వాత పేట పేర్ల మూడు జంటలు తీసుకుని కోడ్‌పాయింట్ల మీద దూరం కొలిచాం:

1. ఎంవీపీ – ఎమ్‌వీపీ: దూరం 3. సున్నా పోయి మ వచ్చింది, పొల్లు చేరింది. మూడోది కంటికి కనపడదు: పొల్లు తర్వాత వత్తు కాకుండా విడిగా ఉంచే జీరో విడ్త్ నాన్ జాయినర్.
2. పెదవాల్తేరు – పెద్ద వాల్తేరు: దూరం 3. పొల్లు, ద, ఖాళీ.
3. పెదవాల్తేరు – చినవాల్తేరు: దూరం 3.

మొదటి రెండూ ఒకే చోటు. మూడోది రెండు వేర్వేరు పేటలు. ప్రోగ్రాంకి మాత్రం మూడూ ఒకటే. ఇంత దూరం దాకా ఒకే పేరు అనే హద్దు 2 పెడితే ఎంవీపీ దొరకదు, 3 పెడితే పెదవాల్తేరు అడిగినవాణ్ని చినవాల్తేరులో దింపుతుంది.

కోడ్‌పాయింట్లు కాకుండా అక్షరాలు లెక్కపెడితే తేలుతుందనుకున్నాం. కొత్త నియమంతో కొలిస్తే మూడు జంటలకూ దూరం 2. మళ్లీ సమానమే! కొలబద్ద మార్చినంత మాత్రాన లాభం లేదని తేలింది. ఏ తేడాకి విలువుంది, ఏ తేడాకి లేదు అన్నది భాష తెలిసిన మనిషి చెప్పాల్సిందే.

టాపిక్ ఇక్కడే ఖాయమైంది. డేటా చేతిలో ఉంది, తప్పు లెక్కకి వస్తుంది, తేలిక పద్ధతి ఎక్కడ, ఎందుకు తప్పుతుందో ఒక స్లైడులో చూపించొచ్చు. నెట్ అక్కర్లేదు, జీపీయూ అక్కర్లేదు.

ఇప్పటిదాకా: 3లో 1 మిగిలింది, 1 రిజర్వు. పని గంటలు 64.

దశ 4: టాపిక్ నిలబడుతుందా?

టాపిక్ నచ్చడం వేరు, నాలుగు నెలల పని అందులో ఉండటం వేరు. అది చూడటానికి 14 జంటల చిన్న పరీక్ష కట్టాం. ఇవన్నీ కాగితం మీద చేత్తో కూడా సరిచూసుకోవచ్చు.

ఒకే చోటు (10 జంటలు), పక్కన కోడ్‌పాయింట్ల దూరం:
ఎంవీపీ – ఎమ్‌వీపీ: 3
పెదవాల్తేరు – పెద్ద వాల్తేరు: 3
సీతమ్మధార – సీతమ్మదార: 1
మధురవాడ – మదురవాడ: 1
మద్దిలపాలెం – మద్దెలపాలెం: 1
రుషికొండ – ఋషికొండ: 2
సింహాచలం – సింహాచలము: 2
అక్కయ్యపాలెం – అక్కయపాలెం: 2
భీమిలి – భీమునిపట్నం: 7
కాంప్లెక్స్ – ద్వారకా బస్ స్టేషన్: లెక్కపెట్టడం దండగ

వేర్వేరు చోట్లు (4 జంటలు):
పెదవాల్తేరు – చినవాల్తేరు: 3
పెదగంట్యాడ – చినగంట్యాడ: 3
మర్రిపాలెం – మద్దిలపాలెం: 3
శివాజీపాలెం – వెంకోజీపాలెం: 5

ఫలితం:
హద్దు 1: ఒకే చోటు 10లో 3 దొరికాయి, తప్పుగా కలిసినవి 0.
హద్దు 2: 10లో 6, తప్పు 0.
హద్దు 3: 10లో 8, తప్పు 4లో 3.

ఇక మార్పు. పేరుని నేరుగా పోల్చకుండా ముందు ఒక "కీ" తయారుచేసి, కీలను పోల్చాలి. మెట్లు:

1. ఎన్‌ఎఫ్‌సీ (యూనికోడ్‌లో ఒకే అక్షరానికి ఒకే రూపం ఇచ్చే మెట్టు) చేయాలి. "ై" గుణింతం కొన్ని ఫైళ్లలో రెండు ముక్కలుగా ఉంటుంది, చూపుకి ఒకేలా కనిపిస్తుంది. ఇది కలిపేస్తుంది.
2. ఖాళీలు, చుక్కలు, గీతలు, కనపడని జాయినర్లు తీసేయాలి.
3. మ్, న్ తర్వాత హల్లు ఉంటే సున్నాగా మార్చాలి. చివరి "ము" కూడా సున్నాయే.
4. జంట హల్లుని ఒంటి హల్లు చేయాలి: క్క – క, య్య – య.
5. ఒత్తు హల్లుని మామూలు హల్లు చేయాలి: ధ – ద, ఖ – క, భ – బ. శ, ష రెండూ స. ణ – న, ళ – ల. ఋ – రు.
6. దీర్ఘాల్ని హ్రస్వాలు చేయాలి: ీ, ూ, ే, ో. "ా"ని ముట్టుకోకూడదు.

ఈ వరుస తప్పు. మొదటిసారి ఇలాగే రాసి నడిపితే అంతా బాగున్నట్టే కనిపించింది. లోపల "సీతమ్మధార" ఏమవుతోందో ప్రింట్ చేసి చూస్తే "సితంమదార". మూడో మెట్టు "మ్మ"లోని పొల్లు మకారాన్ని సున్నా చేసేసింది. నాలుగో మెట్టు వచ్చేసరికి కలపడానికి జంట మిగల్లేదు. "చిన్న వాల్తేరు" కూడా "చింనవాల్తెరు" అయి కూర్చుంది.

ఇది వెంటనే ఎందుకు బయటపడలేదంటే, "చినవాల్తెరు"కీ "చింనవాల్తెరు"కీ దూరం 1. హద్దు 1 పెట్టి నడిపాం కాబట్టి పాసైంది. అసలు స్పెల్లింగ్ తప్పుల కోసం ఉంచిన ఒక్క మార్పు భత్యాన్నీ కోడ్‌లోని బగ్ తినేసింది. అందుకే కొత్త నియమం: ఏ మార్పు చేసినా ముందు హద్దు 0తో నడపాలి, ఆ తర్వాతే 1.

3, 4 మెట్లు తారుమారు చేశాక:
కీ, హద్దు 0: 10లో 7, తప్పు 0.
కీ, హద్దు 1: 10లో 8, తప్పు 0.
కీ, హద్దు 2: 10లో 8, తప్పు 1.

చివరి లైను తప్పు మర్రిపాలెం. మామూలుగా మద్దిలపాలెంతో దూరం 3 ఉండేది. ర్ర, ద్ద రెండూ ఒంటి హల్లులయ్యాక "మరిపాలెం", "మదిలపాలెం" మధ్య దూరం 2కి తగ్గింది. కీ తప్పు స్పెల్లింగులతో పాటు నిజమైన తేడాలని కూడా కొంత అరగదీస్తుందన్నమాట. హద్దు 1 దాటకూడదని నిర్ణయం.

మిగిలిన రెండు, భీమిలి, కాంప్లెక్స్. వీటికి ఏ లెక్కా పనిచేయదు, మారుపేర్ల పట్టిక ఒక్కటే దారి. విశాఖలో కాంప్లెక్స్ అంటే ఆర్టీసీ కాంప్లెక్సే, ఆ సంగతి అల్గారిథానికి ఎవరు చెబుతారు? పట్టికతో 10కి 10 వస్తాయి. అయితే పట్టికతో వచ్చినవాటినీ, కీతో వచ్చినవాటినీ రికార్డులో విడివిడిగా చూపాలి. కలిపి చూపితే పట్టిక పెంచుకుంటూ పోయి నూటికి నూరు అని రాసుకోవచ్చు, అది మోసం.

ఇప్పటిదాకా: పని గంటలు 78.

దశ 5: కోతలు, పనిముట్లు, డేటా సేకరణ

వదిలేసినవి: ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసే తెలుగు, మాటతో వెతకడం, మ్యాప్ మీద చూపించడం. మొదటిదానికి పూర్తిగా వేరే కీ కావాలి, అదొక ప్రాజెక్టు. మిగతా రెండూ నెట్ అడుగుతాయి.

14 జంటలు మేమే ఎంచినవి కాబట్టి అవి టాపిక్‌ని పరీక్షించడానికి మాత్రమే. అసలు టెస్టు డేటా ఇలా:

1. 40 పేట పేర్లు, 5 మంది: 200 స్పెల్లింగులు. బ్యాచ్ వాళ్లు రాయకూడదు.
2. పేరుని పలికి వినిపించాలి, రాసి చూపకూడదు. చూస్తే కాపీ కొడతారు.
3. ఫోన్ కీబోర్డులో సజెషన్లు ఆఫ్ చేయించాలి. లేకపోతే "గాజు" అనగానే కీబోర్డే "గాజువాక" రాసేస్తుంది. అప్పుడు కొలిచేది మనుషుల స్పెల్లింగుని కాదు, కీబోర్డు డిక్షనరీని.
4. రాసినవారి పేరు, నంబరు వద్దు. వరుస సంఖ్య చాలు.
5. 20 పేటలు నియమాలు రాసుకోవడానికి, 20 పేటలు తాళం వేసి చివర్లో ఒక్కసారి నడపడానికి. విభజన పేట ప్రకారం జరగాలి. స్పెల్లింగ్ ప్రకారం కలగలిపితే ఒకే పేట రెండు వైపులా పడి, ఫలితం ఉన్నదానికన్నా బాగా కనిపిస్తుంది.

పనిముట్ల దగ్గర తగిలిన దెబ్బలు:

విండోస్‌లో పైథాన్ ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని స్వయంగా రాయాలి. రాయకపోతే చాలా మెషీన్లలో "చార్‌మ్యాప్" ఎర్రర్ వస్తుంది. లినక్స్ ల్యాప్‌టాపులో నడిచిందే ల్యాబ్‌లో ఆగిపోయేది ఇందుకే.

సీఎస్‌వీని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేస్తే తెలుగు పిచ్చిగీతల్లా కనిపించొచ్చు. ఫైలు మొదట్లో బామ్ (ఎన్‌కోడింగ్‌ని తెలిపే కనపడని గుర్తు) పెట్టి సేవ్ చేయాలి (పైథాన్‌లో ఆ ఎన్‌కోడింగ్ పేరు యూటీఎఫ్-8-సిగ్). అదే ఫైలుని మళ్లీ మామూలు యూటీఎఫ్-8గా చదివితే మొదటి పేరుకి ముందు కనపడని గుర్తొకటి అంటుకుని, ఆ ఒక్క పేరు ఎప్పుడూ దొరకదు. మొదటి వరుస మాత్రమే తప్పుతోందంటే అనుమానించాల్సింది దీన్నే.

డీటీపీ షాపులో కంపోజ్ చేసిన కరపత్రాల నుంచి పేర్లు తీసుకోవద్దు. అను ఫాంట్లలో ఉన్నది యూనికోడ్ కాదు. తెరమీద తెలుగే, ఫైల్లో మాత్రం అర్థంలేని గుర్తులు. రికార్డు కూడా యూనికోడ్ ఫాంట్‌తో సొంతంగా టైప్ చేసుకోవడం మేలు.

బేస్ పేపర్ ఏదని గైడ్ అడిగితే: లెవెన్‌స్టైన్ దూరం (ఎడిట్ డిస్టెన్స్ ఇదే) 1965 నాటిది. ఉచ్చారణని బట్టి పేరుకి కీ కట్టే ఆలోచన ఇంకా పాతది, ఇంగ్లీషు పేర్ల కోసం పుట్టిన సౌండెక్స్ పేటెంట్ 1918ది. ఆ సౌండెక్స్ మొదటి అక్షరం తప్ప మిగతా అచ్చుల్ని పారేస్తుంది. తెలుగులో అచ్చులు పారేస్తే చాలా పేర్లు ఒకటైపోతాయి, కాబట్టి మన కీ వేరు. "కొత్తేముంది" అన్న ప్రశ్నకీ ఇదే జవాబు.

వేగం గురించి కంగారక్కర్లేదు. 11 కోడ్‌పాయింట్ల పేర్లు రెండిటికి దూరం లెక్కించే పట్టికలో 121 గళ్లు. వెయ్యి పేర్లతో పోల్చినా 1,21,000. మామూలు పైథానే చాలు.

ఇప్పటిదాకా: పని గంటలు 90. టైటిల్ ఇప్పుడు రాశాం: "తెలుగు స్థలనామాల వెతుకులాటలో స్పెల్లింగ్ తేడాలను తట్టుకునే కీ: విశాఖపట్నం పేటల మీద కొలతలు."

దశ 6: రివ్యూకి ముందు తెరిచి ఉంచినవి

అబ్‌స్ట్రాక్ట్ ఇచ్చాక ఒక కేసు దొరికింది. పాత గాజువాక, కొత్త గాజువాక. మామూలు దూరం 4, కీ కట్టాక 2. హద్దు 1 కాబట్టి రెండూ కలవవు, అక్కడికి క్షేమం. కానీ ఊరికే "గాజువాక" అని వెతికితే "పాతగాజువాక" దూరం 3, ఏదీ రాదు. రెండూ చూపించాల్సింది పోయి ఖాళీ తెర.

దీనికి పాత, కొత్త, పెద, చిన, న్యూ లాంటి ముందు మాటల్ని విడదీసి, మిగిలిన పేరుని వేరుగా పోల్చాలి. విడదీయడానికి ఖాళీ కావాలి, ఆ ఖాళీని రెండో మెట్టులో మనమే తీసేస్తున్నాం. ఖాళీ ఉంచితే "పెద్ద వాల్తేరు", "పెదవాల్తేరు" మళ్లీ విడిపోతాయి. ఖాళీ మీద ఆధారపడకుండా కీ కట్టాక మొదట్లో "పెద", "చిన", "పాత", "కొత" ఉన్నాయేమో చూసి కోయడం ఒక దారి. 40 పేటల లిస్టులో ఆ ముక్కలతోనే మొదలయ్యే, కోయకూడని పేరు ఏదైనా ఉందా అన్నది ముందు చూడాలి. సోమవారం పని అది.